కూలి అడగని కృప

తెనాలి–రేపల్లె రైలు మార్గంలో ఏ స్టేషన్లో దిగి పల్లెలోకి నడిచినా ప్రార్థన చేసుకునే చోట్లు రెండు మూడు కనబడతాయి. లూథరన్ల గుడి పాతది. దానికి ఎడంగా రేకుల షెడ్డులో పెంతెకొస్తు సంఘం ఉంటుంది. ఇంకో సందులో బైబిల్ మిషన్ కూటం. చుట్టాలు మూడింటిలోనూ ఉంటారు కాబట్టి పెళ్ళికో జ్ఞాపకార్థ కూటానికో అందరూ ఒకే పందిట్లో కూర్చోక తప్పదు. భోజనాలయ్యాక ఎవరో ఒకరు కదిపే మాట ఒకటుంది. రక్షణ దేవుడు ఊరకే ఇస్తాడా, అందులో మన వంతు ఏమైనా ఉందా? ఒకాయన ఎఫెసీయుల పత్రిక రెండో అధ్యాయం తీస్తాడు. ఇంకొకాయన యాకోబు పత్రిక రెండో అధ్యాయం తీస్తాడు. ఆకులు ఎత్తేసినా ఆ తగువు తెగదు.

నేను భట్టిప్రోలులో పుట్టి, ఈ చుట్టుపక్కల బళ్ళలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. మా తాతయ్య లూథరన్ మిషన్ బడి పంతులు. ఈ రక్షణ తగువు అగస్టీను, పెలాగియస్ కాలం నుంచి లూథరు దాకా పండితులు వెయ్యేళ్ళకు పైగా వాదించుకున్న సంగతి. అయితే నాకు ముఖ్యమైన కథ వేరే ఉంది. ఆ వాదన వచ్చి కృష్ణా డెల్టాలో కూలికి వెళ్ళి బతికే మనుషుల చేతికి చిక్కింది. వాళ్ళు దాన్ని ఏం చేసుకున్నారన్నదే ఆ కథ.

1517 అక్టోబరు 31న లూథరు పాప పరిహార పత్రాల అమ్మకాన్ని తప్పుపట్టాడు. డబ్బు కట్టీ, మొక్కులు తీర్చీ దేవుడి దగ్గర నీతిమంతులం కాలేమని తేల్చాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1529లో, ఇళ్ళల్లో పిల్లలకు చెప్పుకోవడానికి చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు. ఆ పుస్తకాన్ని తెలుగులో పెట్టినవాడు బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ. ఆయన 1720ల్లో మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు. ఆయన తెలుగు పుస్తకం 1746లో జర్మనీలోని హాలే పట్నంలో అచ్చయింది. తెలుగు అచ్చు చరిత్ర రాసేవాళ్ళు ఆ హాలే పుస్తకాల దగ్గరే మొదలుపెడతారు. మన అక్షరాలు అచ్చుకెక్కిన తొలి రోజుల్లోనే ఈ కృప సంగతి వాటి మీద ఎక్కి కూర్చుందన్నమాట. ఆ పుస్తకం మా ప్రాంతం దాకా నడిచి రావడానికి మాత్రం ఇంకో వందేళ్ళు పట్టింది.

1842 జూలై 31న హయ్యరు అనే లూథరన్ మిషనరీ గుంటూరులో అడుగుపెట్టాడు. జర్మనీలో పుట్టి, అమెరికాలో పాదిరి అయినవాడు. అప్పటికే వయసు యాభైకి దగ్గర పడింది. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయన్ని ఆదరించాడు. ఆయన మొదట బళ్ళు పెట్టాడు, తర్వాత పల్నాడు వెళ్ళాడు. మధ్యలో అమెరికా వెళ్ళి వైద్యం చదువుకుని వచ్చాడు. డెబ్బై ఏళ్ళు దాటాక కూడా మళ్ళీ ఓడెక్కి రాజమండ్రి మిషన్ని నిలబెట్టడానికి వచ్చాడు. తర్వాతి రోజుల్లో ఒక పంపకంలాంటిది ఏర్పడింది. తెనాలి, రేపల్లె వైపు లూథరన్లు, బాపట్ల నుంచి కిందికి ఒంగోలు దాకా బాప్టిస్టులు. మా పల్లె లూథరన్ల వైపు పడింది. నాలుగు ఆమడలు దక్షిణంగా పుట్టి ఉంటే నేను బాప్టిస్టునై, ఈ వ్యాసం ఇంకోలా రాసి ఉండేదాన్ని.

తాతయ్య రాత్రిబడి గురించి మా నాన్న చెప్పేవాడు. నాట్ల రోజుల్లో ఆడవాళ్ళు చీకటి పడ్డాక పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎసరు పెట్టి, గింజ ఉడికేలోగా బడి అరుగు మీద కూర్చునేవాళ్ళట. లాంతరు ఒకటే. బాప్తిస్మం కావాలంటే పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన నోటికి రావాలి. చదువు రాని మనుషులు. పంతులు అంటుంటే వెంట అనాలి. పొద్దుటి నుంచీ బురదలో నడుం వంచిన మనిషికి కూర్చోగానే కునుకు వస్తుంది. పక్కావిడ మోచేత్తో పొడుస్తుంది. ఉలిక్కిపడి అందుకుంటుంది. అందులో విశ్వాస ప్రమాణం మూడో భాగానికి లూథరు రాసిన వివరణ ఉంది. మనిషి తన తెలివితోనూ తన శక్తితోనూ క్రీస్తును నమ్మలేడు, ఆ నమ్మకం కూడా పరిశుద్ధాత్మ ఇవ్వవలసిందే అన్నది దాని సారం. అందరూ తప్పేది అక్కడేనట. వాక్యం పొడుగు, ఊపిరి చాలదు.

తన శక్తి వల్ల కాదని చెప్పే మాటను అంత శక్తి పెట్టి నేర్చుకోవడం ఎందుకని నాన్న చిన్నతనంలో అడిగాడట. తాతయ్య కళ్ళాన్ని చూపించి చెప్పేవాడు. కుప్ప నూర్చినవాడికి కొలిచే గింజలు కూలి. చేశాడు కాబట్టి అడిగి తీసుకుంటాడు. ఏడాది పొడుగునా ఊరి పని చేసినవాడికి కళ్ళంలో పెట్టే మేర కూడా హక్కే, ఆసామి దయ కాదు. ఈ రెండూ కానిది, పని చేయనివాడి గుడిసె ముందుకి ఆసామే బండి తోలుకొచ్చి బస్తాలు దించడం. అలా దించిన ఆసామిని మీరు చూశారా అని అడిగేవాడు. చూడలేదనేవాళ్ళు. మేం చెప్పే దేవుడు అలాంటివాడు అనేవాడు. పౌలు రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో జీతానికీ కృపకూ పెట్టిన తేడా వేదాంత కళాశాలల్లో విడమరిచి చెప్పాల్సి వస్తుందేమో. కూలి గింజలు తక్కువ కొలిచారని మునసబు దగ్గర మొరపెట్టుకున్నవాళ్ళకు అది చిటికెలో అర్థమయ్యేది.

ఆ మాట ఎందుకు అంత లోతుగా దిగిందో చెప్పాలి. మా వాళ్ళు తరతరాలుగా విన్నది ఒకటే. ఈ పుట్టుక వెనకటి జన్మలో చేసుకున్నదాని ఫలం, ఓర్చుకుంటే వచ్చే జన్మలో బాగుపడతారు. మనిషి చేతలే అతని స్థానాన్ని నిర్ణయిస్తాయనే సిద్ధాంతం అందరికంటే కింద ఉన్నవాడి మీదే ఎక్కువ బరువుగా కూర్చుంటుంది. గుంటూరు లూథరన్ బళ్ళలో పంతులుగా పనిచేసిన జాషువా 1941లో ‘గబ్బిలం’లో నిలదీసింది ఆ కర్మ సిద్ధాంతాన్నే. ఆయనే తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. నీ పుట్టుక నీ తప్పు కాదు, నీ గొప్పా కాదు, దేవుడు నిన్ను లెక్కలు చూడకుండా పిలిచాడు అన్న మాట వాడల్లో మొదటిసారి వినబడినప్పుడు అది వేదాంతంగా వినబడి ఉండదు. నడుం నిటారు చేసుకోవడానికి దొరికిన ఊతగా వినబడి ఉంటుంది. అందుకే ఈ కృప సిద్ధాంతాన్ని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే నాకు కోపం వస్తుంది.

దానంతో పుణ్యం వస్తుందనే నమ్మకం కూడా మా నేలకు కొత్త కాదు. మా ఊరి బౌద్ధ స్తూపం దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే తవ్వించాడు. రాతి పెట్టెలు, వాటిలో స్ఫటిక భరిణెలు, బంగారు పూలు, ధాతువులు బయటపడ్డాయి. పెట్టెల మీది అక్షరాలు క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దం నాటివని కొందరు పండితుల లెక్క. తెలుగు లిపి పూర్వరూపం వెతికేవాళ్ళు అక్కడికే వస్తారు. ఆ అక్షరాల్లో ఉన్నది ముఖ్యంగా ఇచ్చినవాళ్ళ పేర్లు. కుర అనే ఆయన తల్లితో, తండ్రితో కలిసి ఒక భరిణె ఇచ్చాడు. ఒక గోష్ఠి సభ్యుల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. కుబీరక రాజు పేరూ ఉంది. ఇచ్చినవాడి పేరు నిలవాలని కోరుకోవడంలో నాకు తప్పు కనబడదు. తల్లిదండ్రుల పేరు కలుపుకున్న ఆ కురని తలుచుకుంటే ఆప్యాయంగానే ఉంటుంది. ఏమీ ఇవ్వలేనివాళ్ళ పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు. రే రాకముందే ఆ స్తూపం ఇటుకలనూ రాళ్ళనూ పబ్లిక్ వర్క్స్ వాళ్ళు రోడ్డుకీ వెల్లటూరు లాకుకీ వాడేశారు.

ఇక నేను ఎక్కువసేపు ఆగదలచుకున్న చోటికి వస్తాను. అది మా వైపు జరిగింది కాదు, బాప్టిస్టుల వైపు జరిగింది. 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయింది కాబట్టి 1876–78 నాటి ధాత కరువు మా డెల్టాను కొట్టినంత తేలిగ్గా ఒంగోలు వైపును కొట్టలేదు. అక్కడ ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు దొర ఉన్నాడు. పాదిరి కాకముందు భూముల సర్వే పని నేర్చినవాడు. అప్పుడు కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తున్నారు. క్లౌ మూడున్నర మైళ్ళ కాలువను కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళందరికీ పని ఇచ్చాడు. ఏ మతం, ఏ కులం అని అడగలేదు. బోధకులే మేస్త్రీలు. మధ్యాహ్నం పని ఆపి కూర్చున్నప్పుడు ఆ బోధకులు ప్రయాసపడి భారం మోసేవాళ్ళను క్రీస్తు పిలిచిన మాట చెప్పేవాళ్ళు. మట్టి తట్టలు నెత్తిన మోస్తున్నవాళ్ళకు ఆ మాట వివరించాల్సిన పని లేదు.

వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం చేతులు మారుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం లేదన్నాడు. పదిహేను నెలలు ఆపేశాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. 1878 జూన్‌లో సాయం ముగిసిపోయింది, ఇక మీకిచ్చేందుకు నా దగ్గరేమీ లేదని చెప్పి పంపేయబోతే, వాళ్ళు అరచేతుల్లో బొబ్బలు చూపించారని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. మేం పని చేసి బతికాం, ఇక ముందూ అంతే, పంట పోతే చస్తాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం అన్నది వాళ్ళ మాటల సారం. జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ నీళ్ళలో నిలబడ్డారు. ఆ కొద్ది వారాల్లో లెక్క ఎనిమిది వేలు దాటింది.

క్లౌ చేసింది సరైనదేనా? మా ఇంట్లో పెద్దవాళ్ళు దీనిమీద రెండు పక్షాలుగా ఉండేవాళ్ళు. ఉచితమైన దాన్ని అడిగినవాడికి ఇవ్వకుండా పదిహేను నెలలు గుమ్మంలో నిలబెట్టడం ఏ కృప అని ఒక పక్షం. నిలబెట్టింది కృప కోసం కాదు, కృపను గింజలతో కొన్నారన్న నింద రాకుండా ఉండడం కోసం అని ఇంకో పక్షం. నేను ఆలోచించి ఆలోచించి క్లౌ వైపు వచ్చాను. కాలువ మీద ఆయన ఇచ్చింది కూలి. చేసినవాడు తలెత్తుకుని తీసుకున్నాడు. దానికి విశ్వాసంతో ముడి పెట్టలేదు. బాప్తిస్మానికి కూలితో ముడి పెట్టలేదు. రెండింటినీ విడిగా ఉంచడంలోనే రెండింటికీ గౌరవం దక్కింది. చేసిన పనికి దక్కే దాన్ని దయ అని పిలిచి మనిషిని చిన్నబుచ్చకూడదు. దయగా వచ్చేదాన్ని జీతం చేసి అమ్మకూడదు. అయితే ఆ పదిహేను నెలల్లో బాప్తిస్మం అందకుండానే ఆకలితో చచ్చిపోయినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళను దేవుడు నీళ్ళ లెక్క చూసి ఆపాడని నేను నమ్మను. క్లౌ కూడా నమ్మి ఉండడు.

ఆ ఒంగోలు ఉద్యమానికి నాందీ పలికినవాడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ళ వర్తకుడు. క్రీస్తును ఎరగక ముందే గురువుల దగ్గర రాజయోగం నేర్చి ఏళ్ళ తరబడి సాధన చేసినవాడు. ఆయన కథ క్లౌ గారి రెండో భార్య ఎమ్మా రాసిన పుస్తకం వల్ల మనకు దక్కింది. 1866లో జూయెట్ పాదిరి ఆయనకు బాప్తిస్మమిచ్చాడు. మనిషి ప్రయత్నం అంటే ఏమిటో పేరయ్యకు తెలిసినంత ఆ పాదిరులకు తెలియదని నా ఉద్దేశం. అన్ని మెట్లూ ఎక్కి చూసినవాడు కాబట్టే, మెట్లు లేవన్న కబురు విని అంత సంబరపడి ఊరూరా చెప్పుకుంటూ తిరిగాడు. క్లౌ పెట్టిన బడిలో మాదిగ పిల్లలు చేరగానే పెద్ద కులాల పిల్లలు లేచిపోయారు. ఆ సాయంత్రం క్లౌ, ఆయన మొదటి భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందట. దేవుడు లోకంలో తక్కువవాళ్ళను ఎన్నుకున్నాడని చెప్పే చోటు అది.

బాపట్లకూ చీరాలకూ మధ్య ఉన్న స్టువర్టుపురం కథ ఇంత సంతోషంగా చెప్పలేను. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల కులంలో పుట్టడమే నేరమైంది. కర్మ సిద్ధాంతం చెప్పిన మాటనే ఇప్పుడు సర్కారు రిజిస్టరులో రాసింది. సుమారు 1913లో మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద పెట్టిన ఆ సెటిల్‌మెంటును రక్షణ సైన్యానికి అప్పగించారు. పేరులోనే రక్షణ ఉన్న సంస్థ అది. దాన్ని ఇండియాకు తెచ్చిన బూత్ టకర్ కాషాయం కట్టి ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నవాడు. ఆయన భక్తిని నేను శంకించను. కానీ స్టువర్టుపురంలో మనుషులు హాజరు పలకాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు, భూమి సాగు చేసి చూపించాలి, చీరాల పొగాకు కంపెనీలో పని చేయాలి. మారామని రుజువు చేసుకుంటూనే ఉండాలి. ప్రార్థన ఒకవైపు, హాజరు పట్టీ ఒకవైపు. దేవుడు క్షమించాడని చెప్పిన నోరే సర్కారు ఇంకా క్షమించలేదని రాత్రి పేర్లు పిలిచింది. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. ఆ తర్వాత కూడా స్టువర్టుపురం అని ఊరి పేరు చెబితే ఇల్లు అద్దెకు ఇవ్వని కాలాన్ని మా తరం చూసింది. కృపను చెబుతూ ప్రవర్తన పత్రం అడగడం ఎంత హాని చేస్తుందో తెలుసుకోవాలంటే వేరే దేశాల చరిత్ర చదవక్కర్లేదు.

తర్వాతి తగాదా నీళ్ళ దగ్గర వచ్చింది. లూథరన్లు చంటిబిడ్డకు నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులు, బ్రదరన్లు, పెంతెకొస్తులు పెద్దయ్యాక, మారుమనస్సు పొందాక నీళ్ళలో ముంచాలంటారు. 1927లో ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘం సొంతంగా నిలబడింది. 1938లో ఆ సంఘం నుంచే వెళ్ళి ముంగమూరి దేవదాసు గారు బైబిల్ మిషన్ పెట్టారు. ప్రార్థనకు, కనిపెట్టుకుని ఉండడానికి ఆయన ఇచ్చిన చోటు ఎంతోమందిని లాగింది. మా ఇళ్ళల్లోనూ సగంమంది అటు వెళ్ళారు. మా చెల్లెలి మామగారు పెంతెకొస్తు. మా నాన్న మంచం పట్టిన రోజుల్లో ఆయన వచ్చి, బావగారూ, చిన్నప్పటిది లెక్కకు రాదు, కాలువలో ఒక్క మునక వేయించుకోండి, మేమే మోసుకెళ్తాం అని కళ్ళనీళ్ళతో బతిమాలాడు. ప్రేమతోనే అన్నాడు. నాన్న చాలాసేపు ఊరుకుని, అప్పుడు నేను చంటిపిల్లాణ్ణి, అమ్మ ఎత్తుకుంది, ఇప్పుడు మీరు మోస్తానంటున్నారు, తేడా ఏముంది బావగారూ, రెండుసార్లూ నడిచింది నేను కాదుగా అన్నాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకున్నారు. కాలువకు వెళ్ళలేదు.

ఆ మామగారి వాదనలో సత్తువ లేదని నేననను. ఏ పాపం చేసినా చిన్నప్పుడు నీళ్ళు పడ్డాయి కాబట్టి ఫరవాలేదనుకునే లూథరన్లను నేను చూశాను. తాగొచ్చి భార్యను కొట్టి ఆదివారం సంస్కారం తీసుకునేవాణ్ణి చూశాను. అలాంటి చోట పెంతెకొస్తు వాళ్ళు సారా మానిపించారు, ఇల్లు నిలబెట్టారు. క్రియలు లేని విశ్వాసం మృతమని చెప్పే యాకోబు పత్రికను లూథరు 1522 నాటి పీఠికలో అంత తేలిగ్గా తీసేయకుండా ఉండాల్సింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ప్రపంచ లూథరన్ సమాఖ్య, రోమన్ కేథలిక్ సంఘం కలిసి సంతకాలు చేసిన ప్రకటనలో కృప ముందు, సత్క్రియలు దాని ఫలం అన్న వరస ఇద్దరికీ ఒప్పుదలయింది. ఆ వరసను మా నాన్నమ్మ ఏ ప్రకటనా చదవకుండానే పాటించింది. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేది. ఆదివారం ఆ పిడికెడు బియ్యమంతా గుడికి పోయేది. పల్లెలో ఆడవాళ్ళందరివీ ఒకే గంపలో కలిసేవి. నూకలెవరివో, సన్నబియ్యమెవరివో ఎవరికీ తెలియదు. ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే బడి కప్పు మీద తాటాకు మారేది. ఇస్తే దేవుడు నీకేమిస్తాడు అని నేనడిగితే, ఇచ్చాడుగా, ఇంకేం ఇవ్వాలి అనేది.

ఇప్పుడు కవర్లు వచ్చాయి. కోతల పండగనాడు చాలాచోట్ల మైకులో పేరూ మొత్తమూ చదువుతున్నారు. కొందరు బోధకులు ఇంత విత్తితే ఇంత పంట అని లెక్క చెప్పి కానుకలు అడుగుతున్నారు. లూథరు 1517లో తప్పుపట్టిన బేరం ఇదే, అంతకంటే వేరేం కాదు. వెయ్యి నూట పదహార్లు చదివాక ఇరవై రూపాయల కవరు చదివితే, ఆ ఇచ్చిన ముసలమ్మ తలవంచుకుంటుంది. ఒక సంఘంలో పెద్దలను ఈ పేర్లు చదవడం మానమని అడిగాను. లెక్క జనానికి తెలియాలి కదమ్మా అన్నారు. మొత్తం చదవండి, పేర్లొద్దు అన్నాను. వచ్చే ఏడు చూద్దామన్నారు. అక్కడి స్త్రీల సమాజం వాళ్ళు మాత్రం గుడి గుమ్మం లోపల మూతకు బెజ్జం పెట్టిన పెద్ద డబ్బా ఒకటి పెట్టి, పిడికెడు బియ్యం మళ్ళీ మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు. నెలాఖరున ఆ బియ్యం మందులకు ఇబ్బంది పడుతున్న ఒంటరి ఆడవాళ్ళకు వెళ్ళాలనీ, తీసుకునేవాళ్ళు గుడికి వస్తారా రారా అని అడగకూడదనీ మినిట్స్ పుస్తకంలో రాయించాను.